పుర్రె ఎముకలో కణితి: మొదటి కోతకు ముందు తేలవలసిన సంగతులు

మొక్కు తీర్చుకుని సింహాచలంలో తలనీలాలు ఇచ్చి వచ్చినప్పుడు, అంతవరకు జుట్టు కింద ఎవరికీ తెలియకుండా ఉన్న చిన్న ఉబ్బు బయటపడటం పర్లాకిమిడి, గుణుపూరు, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో వింత కాదు. దాన్ని కొందరు కంతి అంటారు, కొందరు బొడిపె అంటారు. చిన్నప్పుడెప్పుడో పడినప్పుడు కట్టిన బొప్పి అలాగే ఉండిపోయిందని ఇంట్లో పెద్దవాళ్లు సర్దిచెబుతారు. చాలా సందర్భాల్లో అది చర్మంలో ఏర్పడిన తిత్తి, లేదా కొవ్వు గడ్డ. తలమీది చర్మాన్ని వేళ్లతో అటూ ఇటూ జరిపినప్పుడు దానితోపాటు కదిలేది, నొక్కితే కొద్దిగా లొంగేది సాధారణంగా ఈ కోవకే చెందుతుంది. చర్మం జరిగినా తాను జరగని ఉబ్బు, రాయిలా గట్టిగా ఉండేది, లేదా అంచులు గట్టిగా ఉండి నడుమ వేలు దిగినట్టు అనిపించేది మాత్రం పుర్రె ఎముకకు సంబంధించినది కావచ్చు. వేలి పరీక్ష ఒక సూచన మాత్రమే. నుదుటి కండరం కింద పెరిగే కొవ్వు గడ్డ కూడా కదలదు, దాన్ని చూసి ఎముక అనుకోవడమూ జరుగుతుంది.

చర్మపు తిత్తిని చిన్న ఆపరేషన్ గదిలో, తిమ్మిరి ఇంజెక్షనుతో, అరగంటలో తీసివేయవచ్చు. ఎముకలోని కణితి సంగతి అలా కాదు. ఎముకల్లో పుట్టే కణితులన్నింటిలో పుర్రెలో పుట్టేవి ఒకటి రెండు శాతానికి మించవు. ఆ కొద్దిలోనే, అసలు ముట్టుకోనవసరం లేని వాటి నుంచి మెదడును కమ్ముకునే వాటి దాకా, పాతిక రకాలకు పైగా ఉన్నాయి. ఇంత అరుదు కావడం వల్లనే వైద్యుడి చేతికి అనుభవం తక్కువ, పొరపాటుకు అవకాశం ఎక్కువ. ఈ జబ్బుల్లో ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది చివరి శస్త్రచికిత్స ఎంత గొప్పగా జరిగిందన్నది కాదు, మొదటి కోత ఏం చూసి పెట్టారన్నది. స్కానింగ్ లేకుండా పెట్టిన కోత, కణితి ఏదైనా సరే, తర్వాతి ప్రతి అడుగునూ కష్టం చేస్తుంది.

ఈ మాట గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మరింత బరువైనది. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పటి నుంచి ఇక్కడి తెలుగువారికి పాలన ఒక వైపు, చుట్టరికాలు మరో వైపు ఉన్నాయి. వైద్యమూ అంతే. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరుతో బరంపురంలో 1962లో మొదలైన వైద్య కళాశాల ఆసుపత్రి ఒక దారి. 1923 నాటి విశాఖపట్నం కేజీహెచ్, ఈ ప్రాంతపు వాడుకలో పెద్దాసుపత్రి, ఇంకో దారి. కోరాపుట్‌లో 2017లో మొదలైన వైద్య కళాశాల లోపలి కొండ ప్రాంతాలకు కొంత దగ్గర. ఒకచోట ఎక్స్‌రే, ఇంకొకచోట సీటీ, మూడోచోట ఆపరేషన్ జరిగినప్పుడు, ముందు ఏం కనిపించిందో తర్వాతి వైద్యుడికి తెలియకుండా పోవడం సులభం. ఆ పోగొట్టుకున్న సమాచారమే చాలాసార్లు రోగ నిర్ధారణకు కీలకమై ఉంటుంది.

పుర్రె పైకప్పు ఒకే పలక కాదు. వెలుపల ఒక గట్టి పలక, లోపల మరో గట్టి పలక, రెంటి నడుమ స్పాంజిలాంటి గుల్ల పొర ఉంటాయి. ఆ నడిమి పొరలో ఎర్ర మజ్జ, గోడలు పలచనైన సిరలు ఉంటాయి. పైకప్పు ఎముకలు నేరుగా పొర నుంచి తయారవుతాయి. పుర్రె అడుగుభాగం మాత్రం మొదట మృదులాస్థిగా ఏర్పడి తర్వాత ఎముకగా మారుతుంది. ఈ తేడా పుస్తకంలో చదివి వదిలేసేది కాదు. మృదులాస్థి నుంచి పుట్టే కాండ్రోసార్కోమా అనే క్యాన్సరు వంటివి దాదాపు ఎప్పుడూ అడుగుభాగంలోనే, చెవి లోతున ఉండే రాతిఎముక అతుకుల దగ్గర కనిపించడానికి కారణం అదే. వెలుపలి పలకను మాత్రమే పట్టుకుని పైకి పెరిగేది ఒక రకం, నడిమి పొరలో పుట్టి రెండు పలకలనూ చీల్చేది మరో రకం, మెదడు పొర వైపు నుంచి వచ్చి ఎముకను లావెక్కించేది ఇంకో రకం. ఏ పలక నిలిచింది, ఏ పలక కరిగింది అన్న ప్రశ్నకు సమాధానం దొరికితే సగం నిర్ధారణ అయినట్టే.

చర్మపు గడ్డ అనుకుని కోస్తే ప్రమాదం తెచ్చేవి కొన్ని ఉన్నాయి. పసిపిల్లల్లో నడినెత్తి దగ్గర మెత్తగా ఉండి, ఏడ్చినప్పుడు లేదా తల వంచినప్పుడు ఉబ్బి, నిలబడితే తగ్గే గడ్డ, పుర్రె లోపలి పెద్ద సిరతో రంధ్రం ద్వారా కలిసిన రక్తపు సంచి కావచ్చు. దాన్ని చిన్న గదిలో తెరిస్తే రక్తం ఆపడం కష్టం, గాలి సిరలోకి పోయే ప్రమాదం కూడా ఉంది. ముక్కు మొదట్లో గానీ, తల వెనుక నట్టనడుమ గానీ పుట్టుకతో ఉన్న ఉబ్బులో మెదడు పొరలు, కొన్నిసార్లు మెదడు భాగమే ఉండవచ్చు. పెద్దవారిలో చేతికి నాడి కొట్టుకుంటున్నట్టు తగిలే పుర్రె గడ్డ, మెడలోని థైరాయిడ్ గ్రంథి క్యాన్సరు తలకు పాకడం వల్ల కావచ్చు. ఫోలిక్యులర్ రకం థైరాయిడ్ క్యాన్సరు రక్తం ద్వారా ఎముకలకు వెళుతుంది, ఆ కణితులకు రక్తసరఫరా విపరీతం. తల గడ్డతో వచ్చిన రోగి మెడను తడిమి చూడటానికి అర నిమిషం చాలు. దానికి యంత్రం అక్కర్లేదు.

రోగి చెప్పే చరిత్ర కూడా అలాంటి ఖర్చులేని పరీక్షే. గడ్డ ఎన్నాళ్లుగా ఉంది, ఏడాదిలో ఎంత పెరిగింది, నొప్పి ఉందా, రాత్రి నిద్ర లేపుతుందా, వేరేచోట ఎముక నొప్పి ఉందా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా అన్నవి అడగాలి. ఏళ్ల తరబడి కదలక ఉన్నదానికీ నెల రోజుల్లో రెట్టింపైనదానికీ దారులు వేరు. ఈ జిల్లాల్లో ఇక్కడే ఒక చిక్కు ఉంది. కొండ ఊళ్ల నుంచి వచ్చిన సవర రోగి తన భాషలో చెప్పినది పక్కవారి తెలుగులోకి, అక్కడి నుంచి వైద్యుడి ఒడియాలోకో ఇంగ్లీషులోకో మారేసరికి “అప్పుడప్పుడు సలుపుతుంది” అన్నది “నొప్పి లేదు”గా తేలవచ్చు. సవర భాష కోసం గిడుగు వేంకట రామమూర్తి పాటుపడినది ఈ పర్లాకిమిడిలోనే. ఆ భాష తెలిసిన ఆశా కార్యకర్త పక్కన ఉంటే రోగ చరిత్ర నాణ్యత మారిపోతుంది.

చిత్రాల విషయానికి వస్తే, సాదా ఎక్స్‌రేను పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు, దానిపైనే ఆధారపడనూ కూడదు. ఎముకలోని ఖనిజంలో మూడో వంతు నుంచి సగం దాకా పోతే తప్ప ఎక్స్‌రేలో రంధ్రం స్పష్టంగా కనిపించదు. పుర్రె కణితికి మొదటి ప్రధాన పరీక్ష సీటీ స్కాన్. అయితే తల దెబ్బలకు తీసే మామూలు సీటీలో అడ్డుకోత చిత్రాలు, అంటే ముక్కలు, మందంగా ఉంటాయి. ఇక్కడ కావలసినవి ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే పలచని ముక్కలు, ఎముక కోసం వేరుగా అమర్చిన చిత్రాలు. ఎమ్మారై ఎముకను సరిగా చూపదు. కానీ కణితి మెదడు పొరను తాకిందా, దాటిందా, నడిమి పెద్ద సిర తెరిచి ఉందా మూసుకుందా అన్నవి దానితోనే తెలుస్తాయి. రెండూ కావాలి, ఒకటి ఉంటే రెండోది అనవసరం అనుకోవడం పొరపాటు.

రంగు మందు ఎక్కించి తీసే స్కానింగుకు ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను రక్తంలో చూడటం ఎక్కడైనా పద్ధతే. ఈ ప్రాంతంలో దాన్ని దాటవేయడం మరీ తప్పు. సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస మండలాల ఉద్దానంలో కారణం ఇంకా తేలని మూత్రపిండాల వ్యాధి ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలిసినదే. గంజాం, గజపతి జిల్లాల తెలుగు కుటుంబాలకు అక్కడ రక్తసంబంధాలు, పొలాలు, రాకపోకలు ఉన్నాయి. లక్షణాలేవీ లేకుండానే మూత్రపిండాలు సగం దెబ్బతిని ఉండవచ్చు కనుక, తల గడ్డ కోసం వచ్చిన ఉద్దానపు మనిషికి ఆ పరీక్ష లేకుండా రంగు మందు ఇవ్వకూడదు.

చిత్రంలో కనిపించే రూపాన్ని బట్టి కొన్ని కణితులను పరీక్షకు ముక్క (బయాప్సీ) తీయకుండానే గుర్తించవచ్చు. వెలుపలి పలక మీద దంతంలా తెల్లగా, నున్నగా, దట్టంగా ఉండేది ఆస్టియోమా. పుర్రె ఎముకలో పుట్టే నిరపాయకరమైన కణితుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. అందానికి అడ్డమైతే ఉలితోనో డ్రిల్లుతోనో చెక్కివేయవచ్చు, లేకపోతే వదిలేయవచ్చు. ఒకటి కాక చాలా ఉంటే మాత్రం పెద్దపేగు పరీక్ష తప్పనిసరి. ఏపీసీ జన్యువు లోపం వల్ల పేగులో వందల పాలిప్‌లు ఏర్పడి క్యాన్సరుగా మారే కుటుంబ వ్యాధికి పుర్రె, దవడ ఎముకల బొడిపెలు ముందస్తు సూచన కావచ్చు. తలమీది గట్టి గడ్డ కోసం వచ్చినవారి ప్రాణం పేగు పరీక్షతో నిలబడటం ఈ శాస్త్రంలోని విచిత్రాల్లో ఒకటి.

అంచులు చెక్కినట్టు స్పష్టంగా, సన్నని తెల్ల గీతతో ఉండి, ఎమ్మారైలో నీటి కణాల కదలికను కొలిచే చిత్రంలో ప్రకాశించేది ఎపిడెర్మాయిడ్ తిత్తి. గర్భంలో తొలి వారాల్లోనే చర్మకణాలు ఎముకలో చిక్కుకోవడం వల్ల పుట్టేది ఇది. దీన్ని పొరతో సహా తీయాలి. లోపలి ముద్ద మెదడు పొరల మధ్యకు కారితే క్రిములు లేకుండానే ఆ పొరలు వాచి జ్వరం వస్తుంది, పొర మిగిలితే తిత్తి మళ్లీ పెరుగుతుంది. నడిమి పొరలో పుట్టి, లోపలి పలకను దాదాపు వదిలేసి వెలుపలికి ఉబ్బి, సూర్యకిరణాల్లా ఎముక గీతలు పరిచేది రక్తనాళాల కణితి, హెమాంజియోమా. దీనిలో సూది గుచ్చి ముక్క తీస్తే రక్తం ఆగదు. చుట్టూ ఉన్న మంచి ఎముకతో కలిపి ఒకే దిమ్మెగా తీస్తే నిర్ధారణ, చికిత్స రెండూ ఒకేసారి పూర్తవుతాయి. ఎముక గరుకు గాజులా మసకబారి ఉబ్బితే అది ఫైబ్రస్ డిస్‌ప్లేసియా. గర్భంలో ఉండగానే కొన్ని కణాల జీఎన్ఏఎస్ జన్యువులో వచ్చిన మార్పు దీనికి మూలం, వంశపారంపర్యం కాదు. యుక్తవయసు దాటాక సాధారణంగా నెమ్మదిస్తుంది. చూపు బాగానే ఉన్నప్పుడు ముందు జాగ్రత్త పేరుతో కంటినరం చుట్టూ ఎముక చెక్కడం మేలు కంటే కీడే చేయవచ్చు. దీనికి రేడియేషన్ ఇవ్వకూడదు, ఇస్తే సార్కోమా అనే ఎముక క్యాన్సరుగా మారే ముప్పు పెరుగుతుంది.

పిల్లల విషయంలో కొంచెం ఎక్కువసేపు ఆగాలి. బడి వయసు పిల్లవాడి తలలో కొన్ని వారాల్లోనే నొప్పితో కూడిన మెత్తటి గడ్డ వచ్చి, సీటీలో పంచ్‌తో కొట్టినట్టు గుండ్రని రంధ్రం కనిపిస్తే, వెలుపలి పలక కంటే లోపలి పలక అంచులు వేరుగా ఏటవాలుగా కరిగి ఉంటే, మొదట తలచుకోవలసింది లాంగర్‌హాన్స్ కణాల వ్యాధి. పేరులో కణితి అని లేకపోయినా, సగం మంది రోగుల కణాల్లో బీఆర్ఏఎఫ్ జన్యు మార్పు ఉన్నట్టు 2010లో వెల్లడైనప్పటి నుంచి దీన్ని కణితుల కోవలోనే చూస్తున్నారు. రూపం చూసి భయపడి పెద్ద ఎముక ముక్క కోసివేయడం ఇక్కడ తరచూ జరిగే అతి చికిత్స. రంధ్రం ఒక్కటే అయి, పుర్రె పైకప్పులోనే ఉంటే, ముక్క తీసి నిర్ధారించి లోపల గీకివేయడంతోనే చాలామందికి మానుతుంది, చిన్నపిల్లల్లో ఎముక తిరిగి నిండుతుంది కూడా. కంటి గూడు, కణత, స్ఫినాయిడ్ ఎముకల్లో ఉంటే, లేదా ఒకటికి మించి ఉంటే మాత్రం విన్‌బ్లాస్టిన్, ప్రెడ్నిసలోన్ మందులతో నెలల తరబడి చికిత్స అవసరమవుతుంది. ఆ పిల్లవాడు ఉన్నట్టుండి కుండల కొద్దీ నీళ్లు తాగి, రాత్రిళ్లు పదే పదే మూత్రానికి లేస్తుంటే, మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథికి జబ్బు తగిలిందని అర్థం. చక్కెర పరీక్ష బాగుందని చెప్పి పంపివేస్తే అసలు విషయం తప్పిపోతుంది. ఇంకా చిన్న వయసులో, రెండు మూడేళ్ల లోపు, తల గడ్డలతోపాటు కళ్ల చుట్టూ దెబ్బ తగలకుండానే నల్లగా కమిలితే, కడుపులోని న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సరు కోసం వెతకాలి.

కణితిని పోలినవి కూడా ఈ కొండ జిల్లాల్లో ఎక్కువే. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారిలో మజ్జ అదనంగా పనిచేయవలసి రావడంతో పుర్రె నడిమి పొర వెడల్పై, ఎక్స్‌రేలో నిక్కబొడిచిన వెంట్రుకల్లా గీతలు కనిపిస్తాయి. ఎముకలో కొంత భాగం రక్తం అందక చచ్చిపోతే దానిపై చర్మం కింద రక్తం చేరి గడ్డ కడుతుంది. జ్వరం, నొప్పి, ఉబ్బు, ఎముకలో మార్పు అన్నీ ఉంటాయి, కణితి మాత్రం ఉండదు. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద ఒడిశా గిరిజన ప్రాంతాల్లో జరుగుతున్న రక్త పరీక్షల కార్డు చాలా ఇళ్లలో ఉంది. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ కార్డు తెచ్చుకోవాలి. నిజంగానే కణితి ఉండి ఆపరేషన్ చేయవలసి వచ్చినా ఆ కార్డు మత్తు వైద్యుడికి అత్యవసరం. సికిల్ వ్యాధి రోగికి ముందుగా రక్తం ఎక్కించి హిమోగ్లోబిన్ 10 దాకా తేవడం, ఒంట్లో నీరు, వేడి, ఆక్సిజన్ తగ్గకుండా చూడటం వంటి ఏర్పాట్లు లేకుండా గంటల తరబడి తల ఆపరేషన్ చేయడం ప్రమాదకరం.

క్షయ కూడా పుర్రెకు పట్టవచ్చు. నొప్పి, వేడి పెద్దగా లేని మెత్తటి గడ్డ, దాని కింద ఎముకలో రంధ్రం, కొన్నిసార్లు ఎంతకీ మానని చీము పుండు ఉంటాయి. సూదితో తీసిన చీమును జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్షకు పంపితే కొన్ని గంటల్లో తేలుతుంది, నెలల తరబడి మందులు వాడితే ఎక్కువమందికి పెద్ద ఆపరేషన్ అక్కర్లేకుండానే మానుతుంది. యాభై దాటినవారిలో పుర్రె నిండా చిన్న చిన్న రంధ్రాలు, నడుం నొప్పి, రక్తహీనత, మూత్రపిండాల బలహీనత కలిసి ఉంటే అది మైలోమా అనే మజ్జ క్యాన్సరు కావచ్చు. రక్తంలో ప్రొటీన్ల ఎలక్ట్రోఫోరెసిస్, మజ్జ పరీక్షలతో తేలుతుంది, ఇక్కడ కత్తికి పెద్ద పని లేదు. రొమ్ము, ఊపిరితిత్తులు, ప్రోస్టేటు క్యాన్సర్లు పుర్రెకు పాకడం, పుర్రెలోనే కొత్త క్యాన్సరు పుట్టడం కంటే చాలా ఎక్కువ. పెద్ద వయసు రోగి తలలో ఎముక కరిగిందంటే మిగతా ఒళ్లు చూడకుండా తలకు ఆపరేషన్ చేయడం గుడిసెకు నిప్పంటుకుంటే చూరు మీది గడ్డి మాత్రం పీకినట్టే.

శస్త్రచికిత్స అవసరమని తేలాక, అది ఒక పూట పని కావచ్చు, కానీ దాని తయారీ కొన్ని రోజులది. కణితి చుట్టూ ఎంత మంచి ఎముక తీయాలన్నది దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. నిరపాయకరమైన వాటికి సెంటీమీటరు దాకా అంచు చాలు, ఆస్టియోసార్కోమా వంటి వాటికి రెండు సెంటీమీటర్లయినా కావాలి, ఆ పైన మందులు, అవసరమైతే రేడియేషన్ ఉంటాయి. ఎవింగ్ సార్కోమాలో మందులే ముందు, కోత తర్వాత. రక్తసరఫరా ఎక్కువ ఉన్న కణితికి ఆపరేషన్‌కు ముందురోజు గజ్జలో లేదా మణికట్టులో గొట్టం పెట్టి, ఆ రక్తనాళాలను లోపలి నుంచే మూసే సదుపాయం ఉన్నచోట చేయించడం మేలు. చర్మపు కోతను కణితి మీదుగా అడ్డంగా పెట్టరు. రక్తం వచ్చే వైపు మొదలు ఉండేలా గుర్రపు లాడం ఆకారంలో గానీ, చెవి నుంచి చెవి దాకా జుట్టు లోపల గానీ పెడతారు. ఇంతకుముందు ఎవరైనా నడుమ కోత పెట్టి ఉంటే ఆ మచ్చను కొత్త కోతలో ఇమడ్చాలి. అలా ఇమడకపోతే నడుమ చర్మానికి రక్తం అందక నల్లబడుతుంది. క్యాన్సరు అయితే ఆ పాత మచ్చనే కణితిలో భాగంగా లెక్కించి కోసివేయాలి. ఊళ్లో పెట్టిన రెండు అంగుళాల గాటు నగరంలోని సర్జను కోతను శాసించేది ఇలాగే.

తలను మూడు మేకుల చట్రంలో కదలకుండా బిగించి, సీటీ చిత్రాల ఆధారంగా కణితి అంచులను చర్మం మీద గుర్తిస్తారు. ఎముకను అంటిపెట్టుకున్న పలచని పొరను పాడవకుండా తీసి పక్కన ఉంచుతారు, తర్వాత మెదడు పొరకు అతుకు వేయడానికి అదే పనికొస్తుంది. మంచి ఎముకలో కణితికి దూరంగా నాలుగైదు చిన్న రంధ్రాలు చేసి, వాటిని రంపంతో కలిపి, దిమ్మె మొత్తాన్ని కింది మెదడు పొర (డ్యూరా) నుంచి నెమ్మదిగా విడదీసి ఎత్తుతారు. ఎముక అంచుల నుంచి ఊరే రక్తాన్ని ఆపేది తేనెమైనం ప్రధానంగా ఉండే ముద్ద. విక్టర్ హార్స్లీ 19వ శతాబ్ది చివర వాడుకలోకి తెచ్చిన ఈ ఉపాయానికి నేటికీ సరైన పోటీ లేదు. అసలు గడ్డు స్థలం నడినెత్తి. అక్కడ ఎముక కిందే మెదడు పైభాగపు రక్తాన్ని వెనక్కి మోసే పెద్ద సిర ఉంటుంది. దాని ముందు మూడో వంతును అవసరమైతే కట్టివేయవచ్చు, వెనుక రెండు వంతులు తెగితే మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే సిర మీది కణితిని ముందు చుట్టూ విడిపించి, సిర మీది పలచని పట్టీని చివరకు మిగుల్చుతారు. నిరపాయకరమైన కణితి అయితే ఆ పట్టీని గోరంత వదిలివేయడం తప్పు కాదు. ఆ సంగతి ఆపరేషన్ కాగితంలో రాసి ఉండాలి.

తీసిన ఎముక స్థానంలో ఏం పెట్టాలన్నది రోగి కుటుంబం అడిగే మొదటి ప్రశ్న, సర్జను చివరగా చేసే పని. చిన్న ఖాళీ అయితే టైటానియం జాలీ సరిపోతుంది. పెద్దది అయితే అక్రిలిక్ సిమెంటు చవక, ఆకారం కుదురుతుంది, కానీ గట్టిపడేటప్పుడు 70 డిగ్రీలు దాటే వేడి పుట్టిస్తుంది కనుక చల్లటి సెలైన్ ధారగా పోస్తూనే ఉండాలి. రోగి సొంత పుర్రెలోనే మరోచోట నుంచి ఎముక తీసి, రెండు పలకలను చీల్చి, ఒకటి అక్కడే తిరిగి పెట్టి రెండోది ఖాళీకి వాడటం అన్నిటికంటే సహజమైన పద్ధతి. నాలుగేళ్ల లోపు పిల్లల్లో నడిమి పొర సరిగా ఏర్పడదు కనుక అది కుదరడం కష్టం. సీటీ చిత్రం నుంచి ముందే అచ్చు పోసిన పీక్ అనే ప్లాస్టిక్ పలక నుదుటికి అందంగా అమరుతుంది, ఖర్చు మాత్రం మధ్యతరగతిని కూడా ఆలోచింపజేస్తుంది. నుదురు కాని చోట, జుట్టు కింద, జాలీకీ ఈ పలకకూ కంటికి తెలిసే తేడా స్వల్పం. ఖరీదైనదే మంచిదన్న నమ్మకంతో అప్పు చేయడం ఇక్కడ అనవసరం.

ఖర్చు సంగతిలో ఒక మార్పు వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఒడిశా ఆయుష్మాన్ భారత్ పథకంలో చేరింది. ఆ కార్డు ఉన్న కుటుంబం రాష్ట్రం బయట కూడా పథకం జాబితాలోని ఆసుపత్రిలో చేరవచ్చు. ఆంధ్రప్రదేశ్ రేషన్ కార్డుతో నడిచే వైద్యసేవ ఒడిశా నివాసికి వర్తించదు. బంధువుల చిరునామాతో నెట్టుకురావాలని చూస్తే అనుమతి దశలోనే ఆగిపోయి, ఆపరేషన్ తేదీ చేజారుతుంది. ఏ ఆసుపత్రి, ఏ ప్యాకేజీ, ముందస్తు అనుమతి అవసరమా అన్నవి ప్రయాణానికి ముందే అడిగి తెలుసుకోవాలి.

పుర్రె అడుగున పుట్టేవి వేరే కథ. వాటికి చేతికి తగిలే గడ్డ ఉండదు. ఒక వస్తువు పక్కపక్కన రెండుగా కనిపించడం, ఒక కన్ను బయటి వైపు తిరగకపోవడం మొదటి లక్షణం కావచ్చు, రోగి మొదట వెళ్లేది కళ్లద్దాల దుకాణానికి. పుర్రె అడుగున నట్టనడుమ, వెన్నెముకకు పైన ఉండే క్లైవస్ ఎముకలో, పిండదశలోని వెన్నుదండం అవశేషాల నుంచి పుట్టేది కార్డోమా; వెన్నెముకలో పుట్టేవాటితో కలిపి లెక్కించినా ఇది ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి వచ్చే జబ్బు. కాండ్రోసార్కోమా దాన్ని అచ్చంగా పోలి ఉన్నా, నడుమ కాక పక్కకు ఉంటుంది, ఎక్కువకాలం బతకనిస్తుంది. సూక్ష్మదర్శినిలో అనుమానం వస్తే బ్రాక్యూరీ అనే ప్రొటీన్ రంగు పట్టడం కార్డోమాను విడదీస్తుంది. ముక్కు ద్వారా ఎండోస్కోపు పంపి, ఈఎన్‌టీ సర్జను, న్యూరోసర్జను కలిసి చేసే ఆపరేషన్ ఇప్పుడు వీటికి ప్రధాన మార్గం. ముక్కు నడిమి గోడ నుంచి రక్తసరఫరాతో సహా తీసిన పొరతో రంధ్రం మూయడం నేర్చుకున్నాక మెదడు నీరు కారే సమస్య బాగా తగ్గింది. కొంత కణితి మిగలడం సాధారణమే, దానికి 70 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత) దాటిన రేడియేషన్ కావాలి, పక్కనే ఉన్న కంటినరం, మెదడు కాండం మాత్రం 54 గ్రే దాటితే తట్టుకోవు. ఈ రెండు అంకెల మధ్య ఇరుకులోనే ప్రోటాన్ చికిత్స అవసరం పుట్టింది. చెన్నైలో 2019 నుంచి, నవీ ముంబయిలోని టాటా మెమోరియల్ వారి ఖార్‌ఘర్ కేంద్రంలో 2023 నుంచి అది దొరుకుతోంది. పుర్రె అడుగున పుట్టే ఈ రకం జబ్బును సరిహద్దు జిల్లాల్లో గానీ దగ్గరి నగరంలో గానీ సగం తీసి వదలడం కంటే, మొదటి ఆపరేషనే ఆ అనుభవం ఉన్న పెద్ద కేంద్రంలో చేయించడం మంచిది. మొదటిసారి మిగిలినదాన్ని రెండోసారి తీయడం ఎప్పుడూ కష్టమే.

ఆపరేషన్ గది నుంచి బయటికి వచ్చిన ఎముక ముక్క ప్రయాణం అక్కడితో ఆగదు. దాన్ని పరిమాణానికి పది రెట్ల ఫార్మలిన్‌లో వేయాలి, సెలైన్‌లోనో స్పిరిట్‌లోనో కాదు. ఎముకను కోయడానికి వీలుగా మెత్తబరచడానికే కొన్ని రోజులు పడుతుంది కాబట్టి రిపోర్టు ఆలస్యమైందని ల్యాబును అనుమానించనక్కర్లేదు. గాఢమైన ఆమ్లంతో త్వరగా మెత్తబరిస్తే జన్యు పరీక్షకు పనికిరాకుండా పోతుంది. బీఆర్ఏఎఫ్ వంటి పరీక్ష అవసరం కావచ్చనుకుంటే కొంత మెత్తటి భాగాన్ని వేరుగా ఉంచమని సర్జను ముందే చెప్పాలి. స్కాన్ చిత్రాలు చూడకుండా ఎముక కణితికి రిపోర్టు రాయడం అనుభవజ్ఞుడైన పాథాలజిస్టుకు కూడా ఇష్టం ఉండదు, నమూనాతోపాటు సీటీ సీడీ వెళ్లాలి.

ఇంటికి వెళ్లేటప్పుడు కుటుంబం చేతిలో ఉండవలసినవి మందుల చీటీ, బిల్లు మాత్రమే కావు. ముక్కను మైనంలో పోసిన బ్లాకులు, స్లైడ్లు రాతపూర్వకంగా అడిగితే ఆసుపత్రి ఇస్తుంది. బరంపురంలో ముక్క తీసి విశాఖలో చికిత్స చేసేటప్పుడు, లేదా దానికి తలకిందులుగా, ఆ బ్లాకులు లేకపోతే మళ్లీ కోత పెట్టవలసి రావచ్చు. లాంగర్‌హాన్స్ వ్యాధి, కార్డోమా ఏళ్ల తర్వాత కూడా తిరిగి వస్తాయి కనుక పాత సీడీతో పోల్చకుండా కొత్త స్కాన్ చదవడం ఊహాగానమే. తలలో పెట్టింది ఏ లోహం, ఏ కంపెనీ, ఏ తేదీన అన్నది డిశ్చార్జి కాగితంలో ఇంగ్లీషులో రాయించుకోవాలి. అయిదేళ్ల తర్వాత ఇంకో రాష్ట్రంలో ఎమ్మారై యంత్రం దగ్గర నిలబడ్డ టెక్నీషియన్ మొదట అడిగేది అదే, “తలలో ఏదో జాలీ వేశారండి” అన్న జవాబుతో అతను రోగిని లోపలికి పంపడు.